ముగ్ధ, మూఢ, ‘నైస్’

ఏడెనిమిదేళ్ళ కిందటి సంగతి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఒకతె క్లాసయ్యాక స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి నా చేతిలో పెట్టింది. “కథల్లాంటివి రాశాను మేడమ్, టైముంటే చూస్తారా” అంది. అది వారం రోజులు నా బ్యాగులోనే తిరిగింది. మిడ్ పరీక్షలు, పేపర్లు దిద్దడం, ఇంట్లో అత్తగారికి ఒంట్లో బాగాలేకపోవడం. ఒక రాత్రి పనులన్నీ అయ్యాక కూర్చుని చదివాను. అందులో ఒక కథలో తల్లి కూతురికి జడ వేస్తూ ఉంటుంది. ఇంట్లో జరిగింది ఎవరికీ చెప్పొద్దని నచ్చజెపుతూ ఉంటుంది. ఏం జరిగిందో కథలో ఎక్కడా లేదు. తల్లి మాట మెత్తబడే కొద్దీ జడ మాత్రం బిగుసుకుంటూ పోతుంది. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే మెట్ల మీద ఆ పిల్ల ఎదురైంది. బెల్లు కొట్టేశారు. నోటుబుక్కు తీసి ఇచ్చేసి, “నైస్. చాలా నైస్‌గా రాశావు. రాస్తూ ఉండు” అన్నాను. “థాంక్యూ మేడమ్” అంది. ఆ తర్వాత చదువు పూర్తయ్యేదాకా నాకు ఒక్క కాగితం కూడా చూపించలేదు.

పాతికేళ్ళకు పైగా ఇంగ్లీషు సాహిత్యం చెప్పి బతుకుతున్న దాన్ని. విద్యార్థులు పరీక్షలో ‘నైస్’ అని రాస్తే కింద గీత గీసి ‘ఇంకా నిర్దిష్టమైన మాట వాడు’ అని మార్జిన్లో రాసే దాన్ని. నాకే ఆ క్షణంలో ఆ మాట తప్ప ఇంకేదీ దొరకలేదు. అప్పట్నుంచీ దాని వెంట పడ్డాను. పగబట్టినట్టే అనుకోండి.

ఈ మాట పుట్టుక చాలామందికి తెలిసే ఉంటుంది, ఇంగ్లీషు ఎమ్మేలో భాషా చరిత్ర పేపర్లో తప్పనిసరిగా వచ్చే ఉదాహరణ. లాటిన్‌లో ‘నెస్కియుస్’ అంటే తెలియనివాడు. ‘నె’ అంటే కాదు, ‘స్కిరే’ అంటే తెలుసుకోవడం. ‘సైన్స్’ అనే మాటా ఆ ‘స్కిరే’ కడుపునే పుట్టింది. అంటే పుట్టుకను బట్టి సైన్స్‌కీ నైస్‌కీ చుక్కెదురు. పాత ఫ్రెంచిలో అది తెలివితక్కువ, వెర్రిబాగుల అనే అర్థంలో ఉండి, 1300 ప్రాంతాల ఇంగ్లీషులోకి అదే అర్థంతో వచ్చింది. వచ్చాక అది నడిచిన దారి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. తెలివితక్కువ నుంచి విచ్చలవిడి, ఒళ్ళు తెలియని విలాసం. అక్కడ్నుంచి పూర్తిగా ఎదురు దిక్కుకి తిరిగి బిడియం, ముట్టుకుంటే కందిపోయే సుకుమారం, ప్రతిదానికీ వంక పెట్టే చాదస్తం. చాదస్తం నుంచి నిశితమైన చూపు, వెంట్రుకవాసి తేడా పట్టగల సూక్ష్మత. 18వ శతాబ్ది రెండో సగానికి వచ్చేసరికి ‘ఆహ్లాదకరమైన’. 19వ శతాబ్దిలో ‘దయగల, మర్యాద తెలిసిన’. 16, 17 శతాబ్దాల వాడకాల్లో చాలాచోట్ల రచయిత ఏ అర్థంలో వాడాడో తేల్చడం కష్టమని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువాళ్ళే ఒప్పుకున్నారు.

భాషా చరిత్ర పుస్తకాలు దీన్ని ఓ వింతగా చెప్పి, ‘అర్థోత్కర్ష’ అని పేరు పెట్టి, పక్కనే ‘సిల్లీ’ని ‘అర్థాపకర్ష’కి ఉదాహరణగా నిలబెడతాయి. (సిల్లీ అంటే ఒకప్పుడు ధన్యురాలు, పుణ్యాత్మురాలు. ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చిందో చూడండి.) నేనూ ఏళ్ళ తరబడి అలాగే చెప్పాను. ఒకటి పైకి పోయింది, ఒకటి కిందికి పోయింది అని బోర్డు మీద రెండు బాణాలు గీసేదాన్ని. ఆ బాణాలు ఎవరి నెత్తి మీదుగా పోయాయో ఎప్పుడూ అడగలేదు. ఈ మాట అర్థం మారిన ప్రతి మలుపు దగ్గరా ఒక స్త్రీ నిలబడి ఉంది అని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కానీ మూడు నాలుగు మలుపుల దగ్గర మాత్రం ఉంది.

మొదటి ఆవిడ సిసీలియా. చాసర్ ‘కాంటర్‌బరీ కథల్లో’ రెండో సన్యాసిని చెప్పే కథ ఆమెది. రోమ్‌లో క్రైస్తవం నిషిద్ధమైన కాలంలో అల్మాకియస్ అనే అధికారి ఎదుట ఆమెను నిలబెడతారు. విచారణ మొదలవుతుంది. చావు బతుకులు తన చేతిలో ఉన్నాయని అతను అంటాడు. చంపడం నీ చేతిలో ఉంది గానీ బతికించడం నీ చేతిలో ఎక్కడుంది అని ఆమె తర్కం తీస్తుంది. ఆ వాదంలోనే ఆ అధికారిని ముఖం మీదే ‘నైస్’ అని పిలుస్తుంది. నువ్వు నోరు తెరిచిన దగ్గర్నుంచీ నీ నైస్‌తనం నాకు తెలుస్తూనే ఉందన్న ధోరణిలో మాట్లాడుతుంది. ఇవాళ్టి అర్థంతో చదివితే నవ్వొస్తుంది, మృత్యువు ముందు నిలబడి మీరెంత మంచివారండీ అంటున్నట్టు. కానీ ఆమె నోట ఆ మాటకి అర్థం ఒక్కటే: ఓరి తెలివితక్కువవాడా, నీకేం తెలియదురా. తెలియనితనం న్యాయపీఠం మీద కూచుని ఉంది. దాన్ని పేరు పెట్టి పిలుస్తున్నది బోనులో ఉన్న స్త్రీ. ఆ తర్వాత ఆమె మెడ మీద మూడుసార్లు కత్తి వేస్తారు. అయినా మూడు రోజులు బతికి మాట్లాడుతూనే ఉంటుంది.

ఈ కథని నేను సిలబస్‌లో ఎన్నడూ చూడలేదు. సిలబస్‌లో ప్రొలోగే ఉంటుంది. మరీ అయితే బాత్ నగరపు ఇల్లాలు. సన్యాసిని కథ భక్తి కథ అని పక్కన పెట్టేస్తారు. నేనూ ‘నైస్’ కోసం వెతుకుతూ దాని దగ్గరికి వెళ్ళాను గానీ భక్తితో కాదు.

రెండో ఆవిడ షేక్‌స్పియర్ ‘ఐదవ హెన్రీ’ చివరి అంకంలో ఉంటుంది. ఆ నాటకం 1599 నాటిది. ఇంగ్లండు రాజు ఫ్రాన్స్‌ని యుద్ధంలో ఓడించాడు. సంధి షరతుల్లో ఫ్రెంచి రాకుమారి క్యాథరిన్‌తో పెళ్ళి ఒకటి. అతను ఆమెను ముద్దు పెట్టుకోబోతాడు. మా దేశంలో పెళ్ళికి ముందు ఆడవాళ్ళు ముద్దు పెట్టనివ్వరని ఆమె, ఆమె చెలికత్తె చెప్తారు. అప్పుడు రాజు ఆ ఆచారాన్ని ‘నైస్’ అంటాడు. అలాంటి నాజూకు ఆచారాలు గొప్ప రాజుల ముందు వంగి సలాము చేస్తాయని చమత్కరిస్తాడు. ముద్దు పెట్టుకుంటాడు. ప్రేక్షకులు మురిసిపోతారు. నేనూ మురిసిన దాన్నే, లారెన్స్ ఒలివియర్ 1944లో తీసిన సినిమా విద్యార్థిగా చూసినప్పుడు.

సిసీలియా నోట్లో ఉన్నప్పుడు ఆ మాట కత్తిలాగా పని చేసింది. రెండొందల ఏళ్ళకి అది రాజు నోట్లోకి వెళ్ళింది, ఒక ఆడపిల్ల ‘వద్దు’ని చాదస్తం చేసి పక్కకి నెట్టేందుకు పనికొచ్చింది. అదే శతాబ్దిలో ‘విచ్చలవిడి’ అనే అర్థమూ బతికే ఉంది, షేక్‌స్పియరే ఇంకో నాటకంలో కులాసా పడుచుల్ని ఆ మాటతో పిలిపించాడు. కాదన్నా నైసే, ఔనన్నా నైసే. ఈ తిరకాసు మనకు కొత్తదేమీ కాదు.

ఇక మూడో చోటు. దాని దగ్గర కాస్త కూర్చోవాలి.

జేన్ ఆస్టెన్ ‘నార్తాంగర్ అబీ’ని 1790ల చివర రాసింది. ఒక ప్రచురణకర్త 1803లో పది పౌన్లకి కొనుక్కుని అచ్చువేయకుండా ఊరుకున్నాడు. చివరికి అది ఆమె చనిపోయాక 1817 డిసెంబరులో వెలువడింది. అందులో పద్నాలుగో అధ్యాయం. పదిహేడేళ్ళ క్యాథరిన్, హెన్రీ టిల్నీ, అతని చెల్లెలు ఎలనార్ బాత్ ఊరి పక్కనున్న బీచెన్ క్లిఫ్ కొండకి నడుస్తూ ఉంటారు. మాటల్లో ఆన్ ర్యాడ్‌క్లిఫ్ నవల ప్రస్తావన వస్తుంది. అది ప్రపంచంలోకెల్లా నైస్ పుస్తకం కదా అంటుంది క్యాథరిన్. హెన్రీ పట్టేసుకుంటాడు. నైస్ అంటే నీటుగా ఉండటం కాబట్టి అది బైండింగ్‌ని బట్టి ఉంటుందంటాడు. ఆ పిల్ల బిక్కమొహం వేసి, అది నైస్ పుస్తకమే అయినప్పుడు అలా అంటే తప్పేముంది అంటుంది. నిజమే, ఇవాళ రోజూ నైసే, మన నడకా నైసే, మీరిద్దరూ నైస్ అమ్మాయిలే, అన్నిటికీ పనికొచ్చే మాట అని అతను ఆటపట్టిస్తాడు. అసలైతే ఒకప్పుడు ఆ మాట శుభ్రతకీ ఔచిత్యానికీ సౌకుమార్యానికీ మాత్రమే వాడేవారేమో అని కూడా సెలవిస్తాడు.

ఇరవై ఏళ్ళపాటు నేను ఈ ఘట్టాన్ని హెన్రీ పక్షాన చెప్పాను. భాష పట్ల శ్రద్ధ ఉన్నవాడు, చమత్కారి, మిగతా మగపాత్రల కంటే వెయ్యిరెట్లు నయం అని. క్లాసులో పిల్లలూ అతన్నే ఇష్టపడేవాళ్ళు. నాకు అడ్డుపడ్డది ఎలనార్. అన్న ధోరణి ఆమెకు బాగా తెలుసు. ఈయన నా భాషలో ఎప్పుడూ తప్పులు పడుతుంటాడు, ఇప్పుడు మీతోనూ అదే చనువు తీసుకుంటున్నాడు, త్వరగా మాట మార్చకపోతే దారంతా జాన్సన్ నిఘంటువూ బ్లెయిర్ అలంకార పాఠాలూ మన నెత్తిన పడతాయి అని హెచ్చరిస్తుంది. ఆ తర్వాత అసలు దెబ్బ కొడుతుంది. ఆ విశేషణం నిజానికి అన్నకే తగునంటుంది, అదీ ప్రశంస ఏమీ లేకుండా. వివేకం కంటే చాదస్తం పాలు ఎక్కువని తేల్చేస్తుంది. అతను ఒకప్పటి అర్థం గురించి ఉపన్యసిస్తే, ఆమె ఒకప్పటి అర్థంతోనే అతన్ని కొట్టింది. పైగా హెన్రీ చెప్పిన ‘ఒకప్పుడు’ సగం దూరమే వెళ్ళింది. మొదటి అర్థం శుభ్రతా కాదు, ఔచిత్యమూ కాదు, తెలియనితనం. మాటకి అర్థం తెలియకుండా మాటకి అర్థం చెప్పిన పెద్దమనిషి, ఆ మాట మొదటి అర్థానికి తానే ఉదాహరణ అయ్యాడు.

ఆస్టెన్ ఇదంతా కావాలనే పెట్టిందని నేను వాదించను. కానీ అదే అధ్యాయంలో ఇంకో నాలుగు పేజీలు ముందుకు వెళ్ళండి. చరిత్ర పుస్తకాలు చదివితే ఎందుకు విసుగో క్యాథరిన్ చెప్తుంది: పేజీ పేజీకీ పోపులూ రాజులూ పోట్లాడుకోవడమే, మగవాళ్ళంతా పనికిమాలినవాళ్ళు, ఆడవాళ్ళు దాదాపు లేనే లేరు. భాష రాదని ఇప్పుడే దిద్దించుకున్న పిల్ల అన్న మాట ఇది! స్త్రీల చరిత్ర గురించి మనం ఎన్నో సదస్సుల్లో చెప్పుకున్నది ఆ పిల్ల విసుగులో ఉంది. కాసేపటికి అన్నాచెల్లెళ్ళు ప్రకృతి దృశ్యాల చిత్రణ గురించి మాట్లాడుకుంటుంటే తనకేమీ తెలియదని క్యాథరిన్ సిగ్గుపడుతుంది. అప్పుడు కథ చెప్పే గొంతు మధ్యలోకి వచ్చి అంటుంది, ఆ సిగ్గు అనవసరం అని. ఎదుటివారికి నచ్చాలనుకునేవాళ్ళు ఏమీ తెలియకుండా ఉండటమే మేలట. బాగా తెలిసిన బుర్రతో వెళ్తే ఎదుటివారి గర్వానికి తిండి పెట్టలేం కదా. ముఖ్యంగా ఆడది, ఖర్మకాలి ఏదైనా తెలిసి ఉంటే, దాన్ని వీలైనంత దాచుకోవాలట. క్యాథరిన్ అదృష్టవంతురాలు, దాచుకోవడానికి ఏమీ లేదు. హెన్రీ పాఠం మొదలుపెడతాడు, ఆమె శ్రద్ధగా వింటుంది, కొండెక్కేసరికి బాత్ నగరం మొత్తం చిత్రంలో పెట్టడానికి పనికిరాదని కొట్టిపారేసే స్థాయికి చేరుతుంది. అతనికి ఆమె అభిరుచి మీద గొప్ప నమ్మకం కలుగుతుంది.

ఇక్కడ నాకు ఆ మాట పుట్టిల్లూ అత్తిల్లూ ఒకేచోట కనిపించాయి. ‘తెలియని’ అనే మాట ‘ఇష్టమైన’ అనే మాటగా ఎలా మారిందని నిఘంటువుల్లో వెతికితే మధ్యలో బోలెడు మెట్లు, సందేహాలు. ఆస్టెన్ ఒక్క పేరాలో ఆ రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టింది: తెలియని అమ్మాయి, కాబట్టి ఇష్టమైన అమ్మాయి. భాషాశాస్త్రజ్ఞులు దీన్ని రుజువుగా ఒప్పుకోరు, ఒప్పుకోనవసరమూ లేదు. మాట నిజంగా అలా తిన్నగా రాలేదు. నేను చెప్తున్నది మాట గురించి కాదు, మాటని మోసిన మనుషుల గురించి.

ఈ కథకి ఒక కొసరు ఉంది. 1926లో ఫౌలర్ తన ‘ఆధునిక ఇంగ్లీషు వాడుక’ నిఘంటువులో నైస్ అనే మాట చెడిపోవడానికి కారణం చెప్పాడు. ఆడవాళ్ళకి అది మరీ ముద్దయిపోయిందట, వాళ్ళు తమ వలపుతో దానికున్న వ్యక్తిత్వమంతా లాగేసి వట్టి తీపి చేసేశారట. నాలుగొందల ఏళ్ళు ఆ మాటని స్త్రీల నెత్తిన రుద్ది, చివరికి అరిగిపోయిందేమిటని నెత్తినే అడిగినట్టుంది. మా తరం ఇంగ్లీషు టీచర్లకి ఫౌలర్ వేదం. ఆ వాక్యం నేను ఎమ్మేలో చదివి నవ్వాను కూడా. మగ మాష్టర్ల మధ్య నవ్వాల్సిన చోట నవ్వడం కూడా నైస్‌గా ఉండటంలో ఒక భాగం.

ఇదంతా ఇంగ్లీషువాళ్ళ గొడవ, మనకెందుకని అనిపించవచ్చు. నాకూ అనిపించింది, ‘ముగ్ధ’ గుర్తొచ్చేదాకా. సంస్కృతంలో ‘ముహ్’ ధాతువుకి దిక్కుతోచకపోవడం, మతి తప్పడం అని అర్థం. మోహం, సమ్మోహనం దాన్నుంచి వచ్చినవే. ఆ ధాతువుకి భూతకృదంత రూపాలు రెండు, పాణిని రెంటినీ ఒప్పుకున్నాడు. ఒకటి ముగ్ధ, రెండోది మూఢ. ఒక్క కడుపున పుట్టిన కవలలు. పుట్టినప్పుడు ఇద్దరికీ ఒకటే అర్థం: మతి తప్పినవారు. కవలల్లో ఒకటి మూఢుడై మూఢనమ్మకాల్లోకి, తిట్లలోకి పోయింది. రెండోది అమాయకురాలై, అమాయకురాలు కాబట్టి అందగత్తె అయి, అలంకార శాస్త్రంలో మొదటి తరగతి నాయిక అయి కూర్చుంది. ముగ్ధ, మధ్య, ప్రౌఢ. మూఢురాలు అనే మాట లేకపోలేదు, కానీ ఏ నాయికా మూఢ కాదు. మగవాడు ముగ్ధుడవుతాడు కూడా, పాట వినో, బొమ్మ చూసో. కానీ అతనికది కాసేపు పట్టే పరవశం. చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళిపోతాడు. ఆమెకది స్వభావం.

‘ప్రౌఢ’ సంగతి ఇంకా బాగుంటుంది. కవికి ప్రౌఢశైలి అంటే కిరీటం. శ్రీనాథుడి ప్రౌఢి గురించి మనకి పేజీలకి పేజీలు నేర్పారు. ఆడదాన్ని ప్రౌఢ అంటే వయసు లెక్కపెడుతున్నారని అర్థం. ఒకసారి క్లాసులో ఈ మాట చెప్తే వెనక బెంచీ పిల్లాడొకడు “మరి మేడమ్, ప్రౌఢ కవయిత్రి అంటే?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. అతను అడిగింది మంచి ప్రశ్నే. ఆ సమాసం చెవికి ఎందుకు ఇబ్బందిగా ఉంటుందో ఎవరైనా వ్యాసం రాయాలి.

ఇక తెలుగులో ‘నైసు’ సంగతి. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మా అమ్మ వంటింట్లో ఈ మాట రోజూ వాడేది. “పిండి నైసుగా పట్టించుకు రా”, “పచ్చడి మరీ నైసుగా రుబ్బకే, కాస్త బరకగా ఉండనీ.” ఇంగ్లీషులో దాదాపు చచ్చిపోయిన ‘సూక్ష్మమైన’ అనే అర్థానికి దగ్గర చుట్టం మా ఊరి పిండిమరలో ఉంది. వీధి అరుగు మీద ఇంకో అర్థం ఉంది. “నైసుగా జారుకున్నాడు”, “నైసుగా మాటలు చెప్పి డబ్బు లాగాడు.” పైకి మెత్తన, లోపల మోసం. ‘కన్యాశుల్కం’లో గిరీశం బుచ్చమ్మతో మాట్లాడే తీరుకి నాకు ఇంతకంటే సరైన మాట దొరకదు. ఇంగ్లీషు చదువుకున్న ఇళ్ళలోకొచ్చాక మూడో అర్థం. మా చుట్టాలమ్మాయి న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి, తమ్ముడికి చూస్తున్న సంబంధం గురించి “పిల్ల చాలా నైస్ అట పిన్నీ” అంటుంది. అబ్బాయి నైస్ అంటే తాగడని, కట్నం గురించి గట్టిగా అడగడని. అమ్మాయి నైస్ అంటే ఎదురు మాట్లాడదని. ఒకే మాట, ఒకే ఫోన్ కాల్లో.

మా అమ్మ ‘నైసు’కి వ్యతిరేకంగా వాడిన ‘బరక’ నాకు విమర్శలో చాలా పనికొచ్చింది. స్త్రీల రచనల మీద మన పత్రికల్లో వచ్చిన సమీక్షలు వరసగా పేర్చి చూడండి. చక్కటి, సున్నితమైన, హృద్యమైన, ఆర్ద్రమైన, సుకుమారమైన. ఇవన్నీ నైసుగా పట్టిన పిండి. నాలుక మీద ఎక్కడా తగలదు. రచన నిజంగా నాలుకకి తగిలినప్పుడు ఏమవుతుందో కూడా చూశాం. 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చిన రోజుల్లో స్త్రీవాద కవిత్వం మీద పడిన మాటలు ఈ పత్రిక పాఠకులకి నేను గుర్తు చేయనక్కర్లేదు. సున్నితం కానిది వెంటనే అశ్లీలమైపోయింది. మధ్యలో ఇంకే విశేషణానికీ చోటు లేనట్టు. షేక్‌స్పియర్ కాలంలో ‘నైస్’కి ఉన్న రెండు మొహాలే ఇవీ.

అయితే ఈ సమీక్షలన్నీ మగవాళ్ళే రాయలేదు. నేనూ రాశాను. స్నేహితురాళ్ళ పుస్తకాలకి ‘ఆర్ద్రమైన’ అనే మాట ఎన్నిసార్లు వాడానో లెక్క చూసుకుంటే సిగ్గేసింది. పుస్తకంలో మూడో వంతు నాకు నచ్చకపోయినా, మనలో మనం ఒకరినొకరు దెబ్బ కొట్టుకోకూడదు, బయట కొట్టేవాళ్ళు ఎటూ ఉన్నారు అనుకునేదాన్ని. వర్జీనియా వుల్ఫ్ 1931లో ఉద్యోగినుల సభలో మాట్లాడుతూ, తను మొదట పుస్తక సమీక్షలు రాయడానికి కలం పట్టుకోగానే ‘ఇంటి దేవత’ ఒకతె వెనక నిలబడి సానుభూతిగా రాయి, మెత్తగా రాయి అని చెవిలో ఊదేదని చెప్పింది. ఆమెను చంపేదాకా రాయలేకపోయానంది. వుల్ఫ్‌కి ఆ దేవత మగవాడి పుస్తకం సమీక్షించేటప్పుడు కనబడింది. నాకు ఆడవాళ్ళ పుస్తకాలప్పుడు కనబడుతుంది, అదీ సోదరీత్వం అనే చీర కట్టుకుని. అందుకే గుర్తుపట్టడం ఆలస్యమైంది.

నా వంతు దెబ్బ కూడా చెప్పాలి. ఒక విశ్వవిద్యాలయంలో జాతీయ సదస్సు. ఆస్టెన్ మీద పత్రం సమర్పించాను, పైన రాసిందాంట్లో కొంత అందులోదే. రెండు సెలవులు పెట్టి, రాత్రి రైలెక్కి వెళ్ళాను. అధ్యక్షత వహించిన పెద్దాయన మైకు అందుకుని “వెరీ నైస్ పేపర్” అని, ప్రశ్నలకి టైము లేదు, టీ చల్లారిపోతోంది అన్నారు. నా ముందు మాట్లాడిన కుర్రాడి పత్రంలో ఆయన మూడు తప్పులు పట్టారు, పదిహేను నిమిషాలు వాదించారు. కుర్రాడి మొహం మాడిపోయింది. నేను వాడి మీద అసూయపడ్డాను. తప్పు పట్టాలంటే ముందు వినాలి కదా. రైల్లో తిరిగొస్తూ ఆయన్ని తిట్టుకున్నాను. అప్పుడు జడ కథ రాసిన పిల్ల గుర్తొచ్చింది. తిట్టడం ఆగిపోయింది.

ఆ పొద్దున మెట్ల మీద నాకు మాట దొరకలేదని పైన రాశాను. అది పూర్తి నిజం కాదు. దొరికింది. “ఈ ఇల్లు ఎవరిదమ్మా?” అనే ప్రశ్న నోటిదాకా వచ్చింది. అడిగితే ఆ పిల్ల జవాబు చెప్తుంది. చెప్తే నాకు తెలుస్తుంది. తెలిస్తే నేను ఏదో ఒకటి చెయ్యాలి. బెల్లు కొట్టారు, క్లాసుకి వెళ్ళాలి. నైస్ అనే మాట నన్ను ఆ తెలియడం నుంచి నైసుగా తప్పించింది.

పోయిన సంక్రాంతి సెలవులకి ఊరెళ్తూ బస్టాండులో కూర్చుని ఉంటే, చంకలో బిడ్డతో ఒకమ్మాయి వచ్చి “మేడమ్, బాగున్నారా” అని పలకరించింది. ఒళ్ళు చేసింది, ముందు గుర్తుపట్టలేదు. పేరు చెప్పింది. ఏదో ప్రైవేటు స్కూల్లో చెప్తోందట. కాసేపు ఆ కబురూ ఈ కబురూ అయ్యాక, “జడ కథ తర్వాత ఇంకేమైనా రాశావా?” అన్నాను.

ఆ పిల్ల నన్ను అలా చూస్తూ ఉండిపోయింది. “జడ కథ మీకు గుర్తుందా మేడమ్? మీరు అసలు చదవలేదనుకున్నాను” అంది.

చదివానన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదన్నాను. ఆ ఇంటి సంగతి అడిగాను. చాలాసేపు మాట్లాడింది, అదంతా ఆమెది, ఇక్కడ రాయను. తర్వాత కథ గురించి మాట్లాడాం. ఏం జరిగిందో చెప్పకుండా వదిలేయడం వల్లే ఆ కథ నిలబడిందన్నాను. చివర్లో మాత్రం కూతురు పెద్దయ్యాక తల్లిని క్షమించినట్టు ఒక పేరా ఉంది, అది నాకు నచ్చలేదు, అక్కడ నువ్వు భయపడ్డావు అన్నాను.

బిడ్డని ఆ చంక నుంచి ఈ చంకకి మార్చుకుంది. “అది కొట్టేద్దామనే అనుకున్నాను మేడమ్. మీకిచ్చే ముందు రోజు రాత్రి రాశాను దాన్ని. అమ్మ చెడ్డగా కనబడుతుందేమోనని” అంది.